ఎగతాళిగా మిగిలిన సిపాయి

శాలిబండ దగ్గర ఒక బడిలో నేను నాలుగో తరగతి చదివే రోజుల్లో జరిగిన చిన్న సంగతితో ఈ వ్యాసం మొదలుపెడతాను. ఎవరో బల్ల మీద సిరా ఒలకబోశారు. ఎవరన్నది తేలలేదు. పంతులుగారు తరగతి మొత్తాన్ని వరసగా నిలబెట్టి, చేతుల మీద బెత్తంతో కొడుతూ వస్తున్నారు. వెనక వరసలో ఉన్న రిక్షావాని కొడుకు మాత్రం చెయ్యి చాపలేదు. "నేను చెయ్యని తప్పుకు నన్నెందుకు కొడతారండీ?" అన్నాడు. బెత్తం ఆగింది. పంతులుగారు మా వైపు తిరిగి, "చూశారర్రా, పెద్ద తుర్రంఖాన్ బయల్దేరాడు!" అన్నారు. అందరం గొల్లున నవ్వాం. ఆ నవ్వుకు వాడి తల వాలిపోయింది, చెయ్యి దానంతట అదే ముందుకు వచ్చింది. బెత్తం చెయ్యలేని పని నవ్వు చేసింది. నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను.

హైదరాబాదులోనూ, తెలంగాణా పల్లెల్లోనూ ఈ మాట వినని వారుండరు. జీతం పెంచమన్న గుమాస్తాను సేటు "నువ్వేమన్నా తుర్రంఖాన్‌వా?" అంటాడు. వడ్డీ లెక్క అడిగిన రైతును షావుకారు అంటాడు. ఎదురుచెప్పిన కోడలిని అత్తగారు అంటుంది. ఈ మాట చాలావరకు పైనుంచి కిందికే వస్తుందని పాఠకులు గమనించాలి. సేటును గుమాస్తా తుర్రంఖాన్ అనడం నేనెన్నడూ వినలేదు.

ఈ తుర్రంఖాన్ 1857లో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి నడిపిన తుర్రెబాజ్ ఖానే అని నగరంలో తరతరాలుగా చెప్పుకుంటారు. మాట పుట్టుకకు భాషా పండితులు పత్రం అడగవచ్చు. అడగనిద్దాం. జనం ఆ మాటను ఆ మనిషికి ముడివేశారన్నది మాత్రం కాదనలేని విషయం. కంపెనీ తుపాకులకు ఎదురు వెళ్ళినవాడి పేరు, ఎదురు తిరిగిన ప్రతివాడినీ వెక్కిరించే తిట్టుగా మారడమే నన్ను చాలా ఏళ్ళుగా వేధిస్తున్న ప్రశ్న.

చరిత్రలో ఈ సిపాయి బతికింది ఏడాదిన్నర మాత్రమే. 1857 జూలై 17న వెలుగులోకి వస్తాడు, 1859 జనవరి 24న నేలకొరుగుతాడు. అంతకు ముందు ఆయన బేగంబజారు రొహిల్లాలలో ఒకడు. ఈ ఏడాదిన్నర కథ కూడా మనకు ఎక్కువగా ఆయనను వేటాడినవారి కాగితాలలోనుంచే దక్కింది. శత్రువు రాసిన చరిత్రలో మన మనిషిని వెతుక్కోవలసి రావడం బానిస దేశాలన్నిటికీ ఉన్న దురవస్థే.

ఆనాటి హైదరాబాదు స్థితి తెలియకుండా ఆ ఏడాదిన్నర అర్థం కాదు. 1798లో రెండవ నిజాం కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. నాటినుంచి గద్దె మీద నిజాం, గద్దె వెనక రెసిడెంటు. తర్వాత నిజాం ఖర్చుతో తెల్లదొరలు నడిపే 'హైదరాబాద్ కంటింజెంట్' అనే సైన్యం తయారయింది. జీతాలు నిజాంవి, హుకుములు కంపెనీవి. ఆ జీతాల బాకీ పెరిగి పెరిగి, 1853లో బీరారును, రాయచూరు దోఆబును, ధారాశివ్‌ను కంపెనీ చేతుల్లో పెట్టేదాకా వచ్చింది. సంధి జరిగిన కొద్ది రోజులకే దివాను సిరాజుల్ముల్క్ మరణించాడు. ఆయన సోదరుని కుమారుడు సాలార్‌జంగు 24 ఏళ్ళ వయసులో దివాను అయ్యాడు.

ఇవి రాజుల సంగతులు. ప్రజల సంగతి వేరు. శిస్తు వసూలును గుత్తకు పుచ్చుకున్న తాలూకాదారులు ఒకవైపు, అప్పు ఇచ్చి ఊళ్ళకు ఊళ్ళు రాయించుకున్న షావుకార్లు ఒకవైపు, బాకీ వసూలుకు ఆయుధాలతో గుమ్మంలో కూర్చునే అరబ్బు, రొహిల్లా జమాదార్లు ఒకవైపు. ఈ ముగ్గురి మధ్య రైతు. సంస్థానంలో ఏ సంధి జరిగినా చివరకు దాని ఖరీదు కట్టింది ఆ రైతే.

ఇంతలో 1857 వచ్చింది. మే 10న మీరట్‌లో సిపాయీలు తిరగబడ్డారు. మే 16న హైదరాబాదులో నిజాం నాసిరుద్దౌలా మరణించాడు. ఆయన కొడుకు అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. కొత్త నిజాం, వచ్చి నెల తిరిగిన రెసిడెంటు కర్నల్ డేవిడ్సన్, ముప్పై నిండని దివాను, వీరి చేతుల్లో దక్షిణాపథం ఉంది. నిజాం పోతే అంతా పోయినట్టే అని బొంబాయి గవర్నరు రెసిడెంటుకు తంతి పంపిన విషయం చరిత్ర పుస్తకాలన్నిటా ఉంది. ఆ భయం ఉత్తది కాదు. నగరంలో మసీదు గోడల మీద రాత్రికి రాత్రి కాగితాలు వెలిసేవి. తెల్లవారితే దివాను మనుషులు చింపేవారు. మర్నాడు మళ్ళీ వెలిసేవి.

మొదటి నిప్పు ఔరంగాబాదులో పడింది. అక్కడి కంటింజెంట్ మొదటి అశ్వదళాన్ని ఢిల్లీ మీదికి పంపబోతున్నారన్న వార్త జూన్‌లో వ్యాపించింది. సాటి సిపాయీల మీదికి, ఢిల్లీ పాదుషా మీదికి తాము కత్తి ఎత్తబోమని రౌతులు తెగేసి చెప్పారు. పూనా వైపునుంచి జనరల్ వుడ్‌బర్న్ ఫిరంగులతో వచ్చి పడ్డాడు. మీర్ ఫిదా అలీ అనే దఫేదారు తన తెల్ల అధికారి మీద తుపాకి పేల్చాడు. గురి తప్పింది. అతణ్ణి ఉరితీశారు. అతని వెనుక మరికొందరిని తుపాకులతో కాల్చారు, కొందరిని ఫిరంగి మూతికి కట్టి పేల్చారు.

ఇక్కడ మన తెలుగువారికి సంబంధించిన ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఆ రోజుల్లో ఢిల్లీ వీధుల్లో తిరుగుబాటు సిపాయీలను 'తిలంగే' అని పిలిచేవారు. కంపెనీ మొదట్లో తెలుగు గడ్డనుంచి సిపాయీలను తీసుకున్నందున, ఉత్తరాదిన సిపాయి అన్నవాడికల్లా మన పేరు అంటుకుంది. అవధ్‌లో పుట్టినవాడైనా ఎర్ర కోటు తొడిగితే తిలంగా. ఇటు మన ఊళ్ళలో మాత్రం ఆ తిరుగుబాటుకు 'సిపాయీల పితూరీ' అని పేరు పెట్టుకున్నాం. పితూరీ అంటే కచేరీ భాషలో అల్లరి, కుట్ర. ఢిల్లీవారు తిరగబడ్డ సిపాయిని మన పేరుతో పిలుస్తుంటే, మనం అతని తిరుగుబాటును దొరల పేరుతో పిలిచాం. తుర్రంఖాన్ అన్న మాటకు జరిగిన అన్యాయం ఆ ఒక్క మాటకే జరగలేదని దీనివల్ల తెలుస్తుంది.

ఔరంగాబాదు హత్యాకాండ తర్వాత బుల్దానా దగ్గరి కంటింజెంట్ దళంలోనుంచి జమాదార్ ఛీదాఖాన్ పదిపదిహేను మంది రౌతులతో తప్పించుకుని హైదరాబాదు చేరాడు. నిజాం తమ రాజు గనుక తమకు నీడ దొరుకుతుందని వారి ఆశ. వారి నెత్తిమీద వెల పెట్టి ఉంది. దివాను సాలార్‌జంగు వారిని పట్టించి రెసిడెన్సీకి అప్పగించాడు. శరణు వేడి వచ్చినవారిని శత్రువు చేతిలో పెట్టడం ఆ నగరం భరించలేకపోయింది. జూలై 17 శుక్రవారం మక్కా మసీదులో నమాజు ముగిశాక జనం అక్కడే నిలిచిపోయారు. మౌల్వీలు కొందరు నిజాం వద్దకు వెళ్ళి ఛీదాఖాన్‌ను విడిపించమని అడగాలనీ, కాదంటే రెసిడెన్సీ మీదికే నడవాలనీ మాట పుట్టింది. దివానుకు ఈ కబురు ముందే అందింది. ఆయన అరబ్బు దళాలను పంపి గుంపును చెదరగొట్టించాడు, రెసిడెంటును హెచ్చరించాడు. విన్నపం దారి అక్కడితో మూసుకుపోయింది.

రెండవ దారి పట్టినవారు సుమారు 500 మంది రొహిల్లాలు. ముందు నడిచినవారు ఇద్దరు: మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రెబాజ్ ఖాన్. వెంట నగర జనం కూడా కొంత కదిలింది. ఇప్పటి నయాపుల్ అప్పటికింకా లేదు. మూసీకి ఉత్తరపు ఒడ్డున, పాతబస్తీకి ఎదురుగా, రెసిడెన్సీ కోఠీ నిలబడి ఉంది. ఇవాళ మనం బస్సెక్కే కోఠీకి ఆ పేరు ఆ భవనంనుంచే వచ్చింది. కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు పందొమ్మిదో శతాబ్దం మొదట్లో నిజాం సొమ్ముతో కట్టించిన మేడ అది. ముందు పెద్ద పెద్ద స్తంభాలు, 22 మెట్లు, మెట్లకు ఇరుపక్కలా రాతి సింహాలు. గుమ్మందాకా వచ్చినవాడు తల ఎత్తి చూడక తప్పని కట్టడం.

పడమటి గోడకు ఎదురుగా ఉన్న రెండు పెద్ద ఇళ్ళు తిరుగుబాటుదారుల మోర్చాలయ్యాయి. ఒకటి అబ్బన్ సాహెబుది, రెండవది జయగోపాల్ దాస్ అనే షావుకారుది. పుత్లీబౌలీ వైపు ద్వారాన్ని విరగ్గొట్టారు. లోపల మేజర్ బ్రిగ్స్ ఏర్పాటుతో మద్రాసు గుర్రపు ఫిరంగి దళం సిద్ధంగా ఉంది. సాయంత్రం మొదలైన కాల్పులు రాత్రంతా సాగాయి. నాటు తుపాకులకూ ఫిరంగులకూ జరిగిన పోరు ఎలా ముగుస్తుందో చెప్పనక్కరలేదు. తెల్లవారకముందే మోర్చాలు ఖాళీ అయ్యాయి. ఛీదాఖాన్ విడుదల కాలేదు. చూడబోతే అది ఒక్క రాత్రి వ్యవహారం. కానీ దక్షిణాదిన బ్రిటిష్ అధికారానికి గుండెకాయ లాంటి చోట, దాని గోడ పక్కనే నిలబడి, ఒక రాత్రంతా దాన్ని నిద్రపోనివ్వనివారు ఆ 500 మందే.

తుర్రెబాజ్ ఖాన్ కొద్ది రోజుల్లోనే పట్టుబడ్డాడు. అల్లావుద్దీన్ ఎక్కడున్నాడో చెప్పమని ఎంత అడిగినా ఆయన నోరు విప్పలేదంటారు. విచారణ జరిపి యావజ్జీవ ద్వీపాంతర శిక్ష విధించారు. అండమాన్‌కు పంపేలోగా, 1859 జనవరి 18న, ఆయన కాపలా తప్పించుకుని పారిపోయాడు. తలకు 5,000 రూపాయలు వెల పెట్టారు. ఆరు రోజులు గడిచాయి. 24న నాగపూర్ దారిలో తూప్రాన్ దగ్గర అడవిలో మీర్జా ఖుర్బాన్ అలీ బేగ్ అనే తాలూకాదారు ఆయనను చుట్టుముట్టి కాల్చి చంపించాడు. శవాన్ని హైదరాబాదుకు తెచ్చి, జనం చూసేటట్లు గొలుసులతో వేలాడదీశారు. మౌల్వీ అల్లావుద్దీన్ కూడా దొరికిపోయి 1859లో అండమాన్ చేరాడు. అక్కడే కన్నుమూశాడు.

ఒక మనిషిని చంపాక శవాన్ని ఎందుకు వేలాడదీస్తారు? చచ్చినవాడికి అది శిక్ష కాదు. అది చూసేవారికి పాఠం. నా దృష్టిలో తుర్రంఖాన్ అన్న ఎగతాళి ఆ గొలుసులకు కొనసాగింపే. శవం కొన్నాళ్ళకు కుళ్ళిపోతుంది, మాట కుళ్ళదు. తల ఎత్తితే ఏమవుతుందో చూశావుగా అన్న బెదిరింపు, గొలుసులు తీసేశాక కూడా జనం నాలుకమీద వేలాడుతూనే ఉంది. మా పంతులుగారికి ఈ కథ తెలియదు. అయినా ఆయన చేసింది ఆ పనే.

అయితే ఎగతాళికి విరుగుడు పొగడ్త అనుకోవడం పొరపాటు. ఈ మధ్య తుర్రెబాజ్ ఖాన్‌ను కొందరు ఒంటిచేత్తో వందమందిని నరికిన వీరుడిగా చిత్రిస్తున్నారు. మరికొందరు దీన్ని కేవలం మతావేశంగా తోసిపారేస్తున్నారు. ఆనాటి రెసిడెన్సీవారు రాసిందీ అదే. ఈ రెంటినీ నేను ఒప్పుకోను.

మతం సంగతి ముందు చూద్దాం. పిలుపు మసీదులోనుంచి వచ్చిన మాట నిజమే. నలుగురు కూడే చోటు మరొకటి లేని కాలంలో జనం కోపం గుడిలోనో మసీదులోనో కాక ఎక్కడ నోరు తెరుస్తుంది? కానీ తిరుగుబాటుదారులు నిలబడి కాల్చిన రెండు ఇళ్ళలో ఒకటి హిందూ షావుకారుది. ఆయనను పట్టించి అప్పగించిన దివాను, కాల్చి చంపించిన తాలూకాదారు, మసీదు దగ్గర గుంపును చెదరగొట్టిన అరబ్బులు, అందరూ ముస్లిములే. అదే కాలంలో నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు నాయకత్వాన గోండులూ రొహిల్లాలూ కలిసి కంపెనీ సేనలతో పోరాడారు. 1860లో రాంజీని ఉరితీశారు. నగరపు రొహిల్లాను, అడవి గోండును ఒకే పక్కన నిలబెట్టింది ఏ మతం? తాము ఎవరి పాలనలో నలిగిపోతున్నారో ఆ పాలన మీది ద్వేషమే.

ఇక వీరగాథ సంగతి. రొహిల్లాలు ఎవరు? ఉత్తరాదినుంచి పొట్ట చేతబట్టుకుని దక్షిణాదికి వచ్చిన కిరాయి సిపాయీలు. జాగీర్దార్లకు, షావుకార్లకు కాపలా కాసి, బాకీలు వసూలు చేసి బతికేవారు. తామూ అప్పులిచ్చి రైతును పీడించినవారు వారిలో కద్దు. రైతు గుమ్మంలో తుపాకితో కూర్చున్నవాడు కంపెనీ గుమ్మం మీదికి వెళితే, ఆ రైతు అతని వెంట ఎందుకు వస్తాడు? జూలై 17 రాత్రి రెసిడెన్సీ ఎదుట లేనివారు ఎవరో లెక్క చూసుకోవాలి. మూసీకి ఇరువైపులా ఉన్న పల్లెలు లేవు. శిస్తు కట్టలేక ఊరొదిలిన రైతు లేడు. వెట్టి చేసే మాదిగ లేడు. తుర్రెబాజ్ ఖాన్‌కు ధైర్యం ఉంది, తుపాకి ఉంది, మోర్చా ఉంది. వెనక ఊరు లేదు. అందుకే పారిపోయిన ఆరో రోజుకు అడవిలో ఒంటరిగా చిక్కాడు. ఊళ్ళు తనవైన వాణ్ణి 5,000 రూపాయలకు పట్టించడం అంత సులువు కాదు.

గెలిచినవారికి ఏమి దక్కిందో కూడా చెప్పుకోవాలి. 1860 సంధిలో కంపెనీ వారసులైన బ్రిటిష్ సర్కారువారు నిజాంకు 50 లక్షల బాకీ మాఫీ చేశారు. రాయచూరు దోఆబును, ధారాశివ్‌ను తిరిగి ఇచ్చారు. తిరగబడ్డ షోరాపూర్ సంస్థానాన్ని కూడా ఆయనకే కట్టబెట్టారు. బీరారును మాత్రం దగ్గరే ఉంచుకున్నారు. రైతులు శిస్తు కట్టి పోషించిన కంటింజెంట్ అశ్వదళం 1858లో జనరల్ రోజ్ సేనలో చేరి ఝాన్సీ మీదికి వెళ్ళింది. మన రైతు చెమటతో ఝాన్సీ లక్ష్మీబాయి మీద కత్తి దూశారన్న మాట. అయినా నగరంలో నిప్పు ఒక్కసారిగా ఆరలేదు. తుర్రెబాజ్ ఖాన్ చనిపోయిన రెండు నెలల్లోపే, 1859 మార్చి 15న, నిజాం దర్బారునుంచి బయటికి వస్తున్న రెసిడెంటు మీద, దివాను మీద జహంగీర్ ఖాన్ అనేవాడు తుపాకి పేల్చాడు. గురి తప్పింది. అతణ్ణి అక్కడికక్కడే నరికేశారు. అతనూ ఒంటరే.

సాలార్‌జంగును దుర్మార్గుడిగా చూపడం నా ఉద్దేశం కాదు. తర్వాతి కాలంలో శిస్తు గుత్తలను తొలగించి, జిల్లాలు ఏర్పరచి, పాలనను ఒక దారిన పెట్టినవాడు ఆయనే. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ సంస్కరణలకు పునాదిరాయి కింద ఒక సిపాయి శవం ఉందని చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది. పాతబస్తీలో దివాను పేర గొప్ప మ్యూజియం ఉంది. అందులోని గడియారం కొట్టే గంట చూడడానికి దేశదేశాలనుంచి జనం వస్తారు. సిపాయి పేర కోఠీలో ఒక రోడ్డు, బస్సుల రద్దీలో ఒక స్మారకం ఉన్నాయి. ఆ రోడ్డు మీద అంగడి పెట్టుకున్నవారిని నేను అడిగి చూశాను. పేరు చెప్పగలిగినవారు ముగ్గురు. మనిషి ఎవరో చెప్పినవాడు ఒక్కడు. తుర్రంఖాన్ అన్న మాట మాత్రం అందరికీ వచ్చు.

ఊరు లేని సిపాయి కథ 1859లో ముగిసింది. సిపాయి లేని ఊరు కదలడానికి మరో 80 ఏళ్ళకు పైగా పట్టింది. 1940లలో పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకుంటున్న నాలుగెకరాల మీద విసునూరు దేశముఖు కన్నుపడింది. ఆమె వద్ద తుపాకి లేదు, మోర్చా లేదు. కానీ సంఘం ఉంది. దేశముఖు మనుషులు చూస్తుండగానే కార్యకర్తలు పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య పడిపోతే ఊళ్ళకు ఊళ్ళు లేచాయి. తుర్రెబాజ్ ఖాన్ పడిపోయినప్పుడు ఒక ఊరు కూడా లేవలేదు. రెంటికీ మధ్య తేడా మనుషుల గుండెలో లేదు. వారి వెనక నిలిచిన జనంలో ఉంది.

రెసిడెన్సీ 1949లో ఆడపిల్లల కాలేజీ అయింది, 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో ఆ విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. నేను ఈ మధ్య ఒక మధ్యాహ్నం ఆ గోడ వెంట నడిచాను. తుర్రెబాజ్ ఖాన్ విరగ్గొట్టిన ద్వారం ఎక్కడుండేదో ఊహించుకుంటూ పుత్లీబౌలీ వైపు తిరిగాను. 500 మంది తుపాకులతో చేరలేకపోయిన మెట్లమీదికి, పుస్తకాల సంచులతో ఆడపిల్లలు నవ్వుకుంటూ వెళ్ళే రోజు వచ్చింది. దొరల మేడకు చాకలి తల్లి పేరు. ఆ పేరు అక్కడికి చేరడానికి ఎన్ని ఊళ్ళు లేవవలసి వచ్చిందో, ఆ ఊళ్ళు లేవకముందు ఎంతమంది ఒంటరిగా పడిపోయారో ఆ పిల్లలకు ఎవరైనా చెప్పాలి.

నా తరగతిలో ఆ రిక్షావాని కొడుకు ఆ తర్వాత ఎక్కువ రోజులు బడికి రాలేదు. ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఆ రోజు పంతులుగారు వాణ్ణి తిట్టాననుకున్నారు. నిజానికి వాడి గురించి చెప్పవలసిన మాటే చెప్పారు. తప్పు మాటలో లేదు. ఒక్కడు లేచి నిలబడి న్యాయం అడిగినప్పుడు, వాడి పక్కన నిలబడవలసిన మేం నలభై మందిమి కూర్చుని నవ్వాం.